డ్రోన్ పటం: రిపోర్టులో తేడా 2 సెం.మీ., నేల మీద 40 సెం.మీ. ఏది నమ్మాలి?

మట్టిగడ్డ:
చదునుగా ఉన్న పెద్ద ఖాళీ స్థలానికి డ్రోన్‌తో ఫోటోగ్రామెట్రీ పద్ధతిలో, అంటే ఫోటోల నుంచే కొలతలు తీసి, పటం చేశాం. కెమెరా నిట్టనిలువుగా కిందికి, ముందుకు 80 శాతం ఓవర్‌ల్యాప్ (ఒక ఫోటో మీద ఇంకోటి కలిసే భాగం), పక్కకు 70. నాలుగు మూలల్లో జీసీపీలు, అంటే స్థానం తెలిసిన నేల గుర్తులు, పెట్టి జీఎన్ఎస్ఎస్‌తో (జీపీఎస్ లాంటి ఉపగ్రహ పద్ధతి) కొలిచాం. సాఫ్ట్‌వేర్ ఇచ్చిన రిపోర్టులో తేడా 2 సెం.మీ. మాత్రమే. తర్వాత ఒక సీనియర్ సర్వేయర్ వచ్చి స్థలం మధ్యలో లెవెల్ (ఎత్తులు కొలిచే పరికరం) పెట్టి చూస్తే, మా పటంలో ఎత్తుకీ ఆయన లెక్కకీ 40 సెం.మీ. తేడా వచ్చింది. ఇక ఆయన ఆగలేదు. "ఫోటోతో కొలతలేంటయ్యా, ఈ గోల నిన్నగాక మొన్న వచ్చింది, రేపో మాపో పోతుంది" అని అందరి ముందూ అనేశారు. రిపోర్టు అబద్ధం చెబుతోందా? లేక ఆయన అన్నదే నిజమా?

శూన్యరేఖ:
మధ్యలో పైకి లేచిందా, కిందికి కుంగిందా?

మట్టిగడ్డ:
పైకి. మూలల దగ్గర సరిగ్గానే ఉంది. మధ్యకి వచ్చేకొద్దీ పెరుగుతోంది.

శూన్యరేఖ:
అయితే డోమింగ్. బోర్లించిన పళ్లెంలా నేల మొత్తం ఉబ్బుతుంది. లెన్స్ అంచుల దగ్గర కిరణాలు కొద్దిగా వంగుతాయి. ఆ వంపు ఎంతో సాఫ్ట్‌వేర్ మీ ఫోటోల నుంచే అంచనా వేసుకుంటుంది. కానీ ఫోటోలన్నీ ఒకే ఎత్తు నుంచి, అన్నీ నేరుగా కిందికే చూస్తూ తీసినవై, పైగా నేల కూడా చదునుగా ఉంటే, వంకర లెన్స్‌లో ఉందా నేలలో ఉందా అని తేల్చుకోవడానికి దానికి ఆధారం దొరకదు. లెన్స్ వంకరలో కొంత తీసుకెళ్లి నేలకి అంటగడుతుంది. 2014లో జేమ్స్, రాబ్సన్ అనే పరిశోధకులు దీని మీదే పేపర్ రాశారు. వాళ్లు చెప్పిన మందు తేలికే: కొన్ని ఫోటోలు కెమెరాని వంచి తీయడం.

రిపోర్టు అబద్ధం చెప్పలేదు. మీరు ఏ పాయింట్లతో పటాన్ని బిగించారో, ఆ పాయింట్ల దగ్గర తేడా ఎంతో చెప్పింది, అంతే. మధ్యలో ఒక చెక్ పాయింట్ కొలిచి, దాన్ని లెక్కలో కలపకుండా పక్కన పెట్టుకుంటే ఇది ఆ రోజే బయటపడేది.

ఆకాశదీపం77:
ఇంత తంటా ఎందుకు? ఆర్‌టీకే డ్రోన్, అంటే ఎగురుతూనే తన స్థానాన్ని సెంటీమీటర్లలో తెలుసుకునేది, తీసుకోండి. జీసీపీల బెడదే ఉండదు.

గొలుసుకొలత:
ఈ మాట అమ్మేవాళ్లు చెప్పాలి, పని చేసేవాళ్లు కాదు. ఆర్‌టీకే ఉంటే కెమెరా ఎక్కడుందో తెలుస్తుంది, సరే. ఫోకల్ లెంగ్త్ (లెన్స్ నుంచి చిత్రం పడే చోటికి దూరం) కొంచెం తప్పుగా లెక్క కట్టినా అన్నీ కిందికి చూసే ఫోటోల్లో ఆ తప్పు ఎత్తులో కలిసిపోతుంది. పటం నున్నగా, అందంగా, మొత్తంగా ఓ పది సెంటీమీటర్లు పైనో కిందో కూర్చుంటుంది. ఎక్కడా అతుకు కనపడదు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. కనీసం ఒకట్రెండు పాయింట్లు నేల మీద కొలవాల్సిందే.

ఆకాశదీపం77:
నేను అమ్మేవాణ్ణి కాదు మహాప్రభో. మా సైట్లలో మూడు నాలుగు సెం.మీ. దాటి తేడా ఎప్పుడూ రాలేదు.

గొలుసుకొలత:
దాటలేదని ఎలా తెలిసింది? చెక్ పాయింట్లు పెట్టే కదా. నేను చెప్పేదీ అదే.

పాతపటం:
డోమింగ్ సంగతి మీరు చూసుకోండి. నాకు ఆ "నిన్నగాక మొన్న" దగ్గర కాలింది. ఈ విద్యకి నూట డెబ్భై ఏళ్లు దాటాయి. విమానం పుట్టకముందే ఇది ఉంది.

ఫ్రెంచ్ సైన్యంలో ఎమె లోసెదా అనే ఇంజనీరు ఉండేవాడు. 1849 ప్రాంతంలో కెమెరా లూసిడా పెట్టుకుని, అంటే పట్టకంలోంచి చూస్తూ కాగితం మీద గీసిన బొమ్మలతో కొలతలు తీసేవాడు. 1850ల్లో ఫోటోలకి మారాడు. పద్ధతి ఇది: రెండు చోట్ల నిలబడి ఒకే దృశ్యాన్ని ఫోటో తీస్తారు. ఆ రెండు చోట్ల మధ్య దూరం జాగ్రత్తగా కొలిచి పెట్టుకుంటారు. ఫోటోలో ఒక గోపురం కొన మధ్య గీత నుంచి ఎంత పక్కకుందో చూస్తే, కెమెరా నుంచి అది ఏ కోణంలో ఉందో వస్తుంది. కాగితం మీద రెండు చోట్ల నుంచీ ఆ కోణాల్లో గీతలు గీస్తే, అవి కలిసిన చోటే గోపురం. ప్లేన్ టేబుల్ మీద, అంటే పొలంలోనే కాళ్ల బల్ల పెట్టుకుని పటం గీసే పద్ధతిలో, చేసే పనే ఇది. కాకపోతే ఎండలో నిలబడి కాకుండా గదిలో కూర్చుని చేస్తారు. 1867 పారిస్ ప్రదర్శనలో ఫోటోథియోడలైట్‌నూ (కోణాలు కొలిచే థియోడలైట్‌కి కెమెరా కలిపిన పరికరం), దాంతో తయారుచేసిన పారిస్ ప్లానునూ ప్రదర్శించాడు.

మీ సీనియర్‌గారు వాడే థియోడలైట్‌కి ఇది దగ్గరి చుట్టమే అని చెప్పండి.

తిక్కప్రశ్న:
ఆయన బెలూన్ ఎక్కలేదా? పై నుంచి తీస్తే ఇంకా తేలిక కదా.

పాతపటం:
ప్రయత్నించాడు. గాలిపటాలు, బెలూన్లు కూడా వాడి చూశాడు. గాల్లో ఒక చోట నుంచి సరిపడా ఫోటోలు తీయడం కష్టమై వదిలేశాడు. బెలూన్ నుంచి మొదటి ఫోటో 1858లో పారిస్ దగ్గర నాదార్ తీశాడంటారు, అది ఇప్పుడు లేదు. మిగిలి ఉన్నవాటిలో పాతది 1860లో బోస్టన్ మీద జేమ్స్ వాలెస్ బ్లాక్ తీసింది. అవి చూసుకోవడానికే గానీ కొలతకి కాదు.

ఇటుకగోడ:
లోసెదాకి ఇచ్చినంత పేరు మైడెన్‌బౌవర్‌కి ఎవరూ ఇవ్వరు. నాది భవనాల వైపు పని కాబట్టి నా ఓటు ఆయనకే. ఆల్బ్రెహ్ట్ మైడెన్‌బౌవర్, ప్రష్యా ఆర్కిటెక్ట్. 1858లో జర్మనీలోని వెట్స్‌లర్ కెథెడ్రల్ (పెద్ద చర్చి) ముఖభాగాన్ని కొలుస్తూ పై నుంచి పడబోయి తృటిలో బతికాడు. గోడ ఎక్కకుండా గోడని కొలవలేమా అన్న ఆలోచన అక్కడ మొదలైంది. ఈ విద్యకి ఫోటోగ్రామెట్రీ అన్న పేరు 1867లో వచ్చిందీ ఆయన వల్లే. 1885లో బెర్లిన్‌లో దీనికోసం ప్రభుత్వ సంస్థనే పెట్టించాడు. కట్టడాలని వరసపెట్టి గాజు ప్లేట్ల మీద తీయించి దాచాడు, సుమారు 20,000 నెగటివ్‌లు.

ఆయన గొప్పతనం కొలవడంలో కన్నా దాచడంలో ఉందని నా అభిప్రాయం. కట్టడం కూలిపోయినా ప్లేటు ఉంటే కొలతలు తర్వాతైనా తీసుకోవచ్చని అప్పుడే గ్రహించాడు.

పాతపటం:
పేరు పెట్టినవాడు వేరు, పని మొదలుపెట్టినవాడు వేరు.

ఇటుకగోడ:
పడబోయినవాడు కూడా వేరు. మీవాడు మేడ మీద సుఖంగా నిలబడ్డాడు.

తిక్కప్రశ్న:
😂 పడకపోవడం వల్ల పుట్టిన శాస్త్రం.

కొండమలుపు:
కెనడాని వదిలేశారు. రాకీ పర్వతాల్లో 1880ల చివర్లో ఎడువార్ దెవిల్ అనే సర్వేయర్ జనరల్ దీన్ని పెద్ద ఎత్తున వాడించాడు. అక్కడ మంచు లేని రోజులు తక్కువ. శిఖరం ఎక్కి మామూలు పద్ధతిలో కోణాలన్నీ కొలిచేలోపు మబ్బు కమ్మేస్తుంది. అదే చుట్టూ ఫోటోలు తీసుకుని దిగిపోతే, చలికాలమంతా గదిలో కూర్చుని పటం గీసుకోవచ్చు. ఇప్పుడు మౌంటెన్ లెగసీ ప్రాజెక్ట్ వాళ్లు అవే శిఖరాలెక్కి, అదే చోట నిలబడి మళ్లీ ఫోటోలు తీస్తున్నారు. హిమానీనదం ఎంత వెనక్కి పోయిందో, అడవి ఎంత పైకి పాకిందో పక్కపక్కన పెట్టి చూడొచ్చు.

తేలేచుక్క:
ఇంతమంది మాట్లాడుతున్నారు, స్టీరియో, అంటే రెండు కళ్లతో రెండు ఫోటోలు చూసి లోతు పట్టే పద్ధతి, మాట ఒక్కరూ ఎత్తలేదు. గీతలు కలిపే పద్ధతిలో ఒక చిక్కుంది: రెండు ఫోటోల్లో ఒకే బిందువుని గుర్తుపట్టాలి. గోపురం కొన అయితే సరే, గడ్డి వాలు మీద ఏ బిందువుని పట్టుకుంటారు? 1901లో జర్మనీలోని జెనాలో త్సైస్ (Zeiss) అనే లెన్సుల కంపెనీకి చెందిన కార్ల్ పుల్‌ఫ్రిష్ స్టీరియోకంపారేటర్ తెచ్చాడు. అదే ఏడాది దక్షిణాఫ్రికాలో ఫోర్కేడ్ అనే ఆయన విడిగా ఇలాంటిదే బయటపెట్టాడు. ఎడమ ఫోటో ఎడమ కంటికి, కుడి ఫోటో కుడి కంటికి. ఒక్కో దాని మీద ఒక్కో గుర్తు. రెండు గుర్తులూ మెదడులో ఒకటై, కొండ మీద గాల్లో తేలే చుక్కలా కనపడతాయి. చక్రం తిప్పి ఆ చుక్కని నేలకి తాకించారా, ఎత్తు తెలిసినట్టే. తర్వాత వచ్చిన యంత్రాల్లో ఎత్తు మార్చకుండా నేలని తాకిస్తూ నడిపించారా, కాంటూర్ గీత (ఒకే ఎత్తున్న చోట్లని కలిపేది) వచ్చినట్టే. గడ్డి వాలైనా ఫర్వాలేదు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇలాంటి యంత్రం మీదే పని. ముందు ఆరు చోట్ల వై-పారలాక్స్, అంటే రెండు ఫోటోల మధ్య నిలువు తేడా, తీసేయాలి, అప్పుడే మోడల్ నిలబడుతుంది. చుక్క నేలలోకి గుచ్చుకుపోతే కళ్లు వెంటనే చెప్పేస్తాయి, ఒక రకమైన చిరాకు పుడుతుంది. కొందరికి ఎంత నేర్పినా లోతు కనపడేది కాదు. తెలివికీ దానికీ సంబంధం లేదు, కళ్ల సంగతి.

మట్టిగడ్డ:
ఇది అద్భుతంగా ఉంది సార్. ఇప్పుడు ఆ చుక్కని తాకించే పని ఎవరు చేస్తున్నారు?

తేలేచుక్క:
కంప్యూటరే. మేం కళ్లతో వెతికినదాన్ని అది పిక్సెళ్ల గుంపులు పోల్చి వెతుకుతుంది. పుల్‌ఫ్రిష్ గురించి ఇంకో మాట: ఆయనకి తర్వాత ఒక కంటిచూపు పోయింది. 1922లో తన పేరుతో నిలిచిపోయిన స్టీరియో భ్రమని వివరించాడు గానీ, దాన్ని తను చూడలేకపోయాడు.

శూన్యరేఖ:
మట్టిగడ్డ గారి ప్రశ్నకి కొంచెం పొడిగింపు. మీ సాఫ్ట్‌వేర్ కడుపులో రెండు వేర్వేరు వంశాలు కలిశాయి. ఒకటి బండిల్ అడ్జస్ట్‌మెంట్: ప్రతి కెమెరా నుంచి ప్రతి బిందువుకీ పోయే కిరణాల కట్టలన్నిటినీ ఒకేసారి సర్దడం. దీన్ని 1950ల చివర్లో డ్వేన్ బ్రౌన్ తయారుచేశాడు. లెన్స్ వంకరకి మీ సాఫ్ట్‌వేర్ వాడే సూత్రం కూడా ఆయన పేరుతోనే ఉంటుంది, సెట్టింగ్స్‌లో కే1, కే2, పీ1, పీ2 అని కనపడేవి అవే. రెండోది కంప్యూటర్ విజన్ నుంచి వచ్చింది. 1999లో డేవిడ్ లో (Lowe) అనే ఆయన తెచ్చిన సిఫ్ట్ లాంటి పద్ధతులతో, సైజు మారినా, ఫోటో తిరిగినా ఒకే బిందువుని రెండు ఫోటోల్లో గుర్తుపట్టగలిగారు. దాంతో ఏ వరుసా లేని ఫోటోల గుట్ట నుంచి కూడా త్రీడీ మోడల్ వస్తోంది.

ఒకటి గుర్తుంచుకోండి. ఫోటోలు మాత్రమే ఇస్తే వచ్చే మోడల్‌కి స్కేల్ ఉండదు. ఆట బొమ్మో అసలు కొండో దానికి తెలియదు. ఎంత పెద్దది, ఎటు తిరిగి ఉంది, ఎక్కడుంది, ఈ మూడూ బయట నుంచి మనం చెప్పాలి. లోసెదా రెండు చోట్ల మధ్య దూరం కొలుచుకున్నది ఎందుకో, మీరు జీసీపీలు పెట్టేదీ అందుకే.

ఆకాశదీపం77:
ఇంకా కిందికి ఎగరేస్తే కచ్చితత్వం పెరుగుతుంది కదా? 2.4 మైక్రాన్ల పిక్సెల్, 8.8 మి.మీ. లెన్స్ అయితే 100 మీటర్ల ఎత్తులో ఒక పిక్సెల్ నేల మీద 2.7 సెం.మీ. 50 మీటర్లకి దిగితే సగం.

గొలుసుకొలత:
అది జీఎస్‌డీ, అంటే ఒక పిక్సెల్‌కి నేల మీద వచ్చే కొలత. చిత్రం ఎంత సన్నగా ఉందో చెబుతుంది, ఎంత సరైన చోట ఉందో చెప్పదు. మట్టిగడ్డ గారి పటంలో పిక్సెల్ చిన్నదే అయినా తేడా 40 వచ్చింది కదా.

నీళ్లబిందె:
మధ్యలో దూరుతున్నా. శాటిలైట్ పటాల్లో ఎత్తైన టవర్లు ఒక పక్కకి పడిపోతున్నట్టు ఎందుకుంటాయి? పక్కనే ఉన్న రోడ్డు మాత్రం సరైన చోట ఉంటుంది.

తేలేచుక్క:
దాన్ని రిలీఫ్ డిస్‌ప్లేస్‌మెంట్ అంటారు. నేలకంటే ఎత్తున్నదేదైనా ఫోటోలో బయటివైపుకి జరుగుతుంది. విమానం ఫోటోకి లెక్క చాలా చిన్నది: ఫోటో మధ్య బిందువు నుంచి టవర్ కొనకి ఉన్న దూరాన్ని టవర్ ఎత్తుతో గుణించి, విమానం ఎత్తుతో భాగించాలి. మధ్య నుంచి 80 మి.మీ. దూరంలో 50 మీటర్ల టవర్ కొన కనపడుతూ, విమానం 1000 మీటర్ల ఎత్తులో ఉంటే, ఫోటోలో 4 మి.మీ. జరుగుతుంది. 153 మి.మీ. లెన్స్‌తో అది నేల మీద 26 మీటర్లు. అంటే పక్కింటి మీద పడుకున్నట్టే.

ఆర్థోఫోటో అంటే ఈ జరుగుడుని ఎత్తుల మోడల్ సాయంతో సరిచేసిన ఫోటో. మామూలుగా నేల ఎత్తులతోనే సరిచేస్తారు. అందుకే రోడ్డు సరిగ్గా కూర్చుంటుంది, టవర్ వాలుతుంది. భవనాల ఎత్తులు కూడా కలిపి చేసిందాన్ని ట్రూ ఆర్థో అంటారు.

నీళ్లబిందె:
ఇన్నాళ్లూ శాటిలైట్ వంకరగా ఉందనుకున్నా. థాంక్స్.

ఆకుపచ్చచొక్కా:
నాది అడవుల పని. మీ అందరికీ నచ్చకపోయినా చెప్తా, లైడార్ (లేజర్ కిరణాలు పంపి దూరం కొలిచేది) వచ్చాక ఫోటోగ్రామెట్రీ పని అయిపోయింది. చెట్ల మధ్య మీ ఫోటోలకి ఆకులు తప్ప నేల కనపడదు. లైడార్ కిరణాల్లో కొన్ని సందుల్లోంచి దూరి నేలని తాకి వెనక్కి వస్తాయి. డీఎస్ఎం (చెట్లు, కట్టడాల పై ఎత్తుల మోడల్) ఎవరైనా ఇస్తారు, డీటీఎం (ఉత్త నేల ఎత్తుల మోడల్) ఇవ్వండి చూద్దాం.

శూన్యరేఖ:
దట్టమైన చెట్ల దగ్గర మీతో వాదన లేదు. నీళ్లు, గాజు అద్దాల భవనాలు, ఒకే రంగు ఇసుక, కొత్త మంచు, వీటి దగ్గర కూడా ఫోటోలు తడబడతాయి, పోల్చడానికి గుర్తులుండవు. అంతమాత్రాన పని అయిపోయిందంటే ఒప్పుకోను.

కొండమలుపు:
ఆకుపచ్చచొక్కా గారూ, 1975 నాటి లైడార్ డేటా ఇవ్వగలరా?

ఆకుపచ్చచొక్కా:
అదేం ప్రశ్న? అప్పుడు ఎక్కడుంది?

కొండమలుపు:
ఫోటోలున్నాయి. అమెరికా హెక్సగాన్ గూఢచారి ఉపగ్రహాలు ఫిల్ము మీద ఫోటోలు తీసి, ఆ ఫిల్ముని క్యాప్సూల్‌లో పెట్టి పారాచూట్‌తో కిందికి వదిలేవి. అవి రహస్యం కాకుండా పోయాక శాస్త్రవేత్తలు స్కాన్ చేసి, స్టీరియో జతలు కలిపి, 1970ల నాటి హిమాలయాల ఎత్తుల మోడల్ తయారుచేశారు. 2019లో వచ్చిన పరిశోధనలో 650 హిమానీనదాలని పోల్చారు. 1975-2000 మధ్య ఏటా సగటున పావు మీటరు లోపు మందం కరిగితే, 2000-2016 మధ్య దానికి దాదాపు రెట్టింపు కరిగింది. క్షిపణుల జాడ పట్టడానికి తీసిన ఫోటోలు మంచుని కొలవడానికి పనికొచ్చాయి. తీసినవాళ్లు ఈ ప్రశ్న కలలో కూడా అనుకుని ఉండరు.

అమెరికాలోని సెయింట్ హెలెన్స్ అగ్నిపర్వతం కూడా అంతే. 1980 వసంతంలో తీసిన విమానం ఫోటోలని పాతవాటితో పోల్చితేనే ఉత్తరపు వైపు పదుల మీటర్లు ఉబ్బిందని తేలింది. మే 18న ఆ వైపే కూలి పేలింది.

ఇటుకగోడ:
దీనికి అఫ్ఘానిస్తాన్‌లోని బామియాన్ కూడా కలపండి. 2001 మార్చిలో ఆ బుద్ధ విగ్రహాలని పేల్చేశారు. కానీ 1970లో ఆస్ట్రియాకి చెందిన రాబర్ట్ కోస్త్కా కొలత కెమెరాతో ఫోటోలు తీసి ఉంచాడు. స్విట్జర్లాండ్‌లోని ఈటీహెచ్ జూరిచ్ విశ్వవిద్యాలయం వాళ్లు ఆ ఫోటోల నుంచి పెద్ద విగ్రహం మోడల్‌ని మళ్లీ తయారుచేశారు. పర్యాటకుల ఫోటోలు, ఇంటర్నెట్‌లో దొరికిన ఫోటోలతోనూ చేసి చూశారు, ఆకారం వచ్చింది గానీ వస్త్రపు మడతల్లాంటి సన్నని వివరాలకి కోస్త్కా ఫోటోలే దిక్కయ్యాయి. మైడెన్‌బౌవర్ గురించి నేను పైన అన్నది ఇదే.

ఆకుపచ్చచొక్కా:
సరే, గతానికి మీరే. వర్తమానంలో అడవి నాది.

గొలుసుకొలత:
చెట్లు లేని చోట వర్తమానం కూడా మాదే. క్వారీ గుట్టల పరిమాణం, రోడ్డు కోత, వరద మైదానం, నగరాల త్రీడీ పటాలు, ఇవన్నీ రోజూ ఫోటోలతోనే జరుగుతున్నాయి. ఉపగ్రహాలూ అంతే. 2005లో ఇస్రో పంపిన కార్టోశాట్-1లో రెండు కెమెరాలు, ఒకటి 26 డిగ్రీలు ముందుకి, ఇంకోటి 5 డిగ్రీలు వెనక్కి. ఒకే సారి ఎగిరిపోతూ స్టీరియో జత తీసేసేది.

మట్టిగడ్డ:
అప్‌డేట్. మధ్యలో జీసీపీలు కలిపి, కెమెరా వంచి అడ్డంగా ఒక వరుస అదనంగా ఎగరేశాం. లెక్కలో కలపని చెక్ పాయింట్ల దగ్గర తేడా 5 సెం.మీ. లోపుకి దిగింది. సీనియర్‌గారికి లోసెదా కథ చెప్పాను. "అది ఫ్రాన్స్‌లో" అన్నారు.

తిక్కప్రశ్న:
ఫ్రాన్స్‌లో నేల వేరే ఉంటుంది కాబోలు.

నీళ్లబిందె:
కొండమలుపు గారు చెప్పింది చదివాక ఒక ఆశ పుట్టింది. నా దగ్గర పాత విమానం ఫోటోల ప్రింట్లు కొన్ని ఉన్నాయి, ఒకే ప్రాంతానివి, ఒకదాని మీద ఒకటి సగానికి పైగా కలుస్తున్నాయి. మామూలు స్కానర్‌తో స్కాన్ చేసి సాఫ్ట్‌వేర్‌లో వేస్తే ఎత్తులు వస్తాయా?

తేలేచుక్క:
వస్తాయి, ఎంత బాగా అన్నది వేరే సంగతి. ప్రింటు అంచుల్లో లేదా మూలల్లో చిన్న గుర్తులుంటాయి చూడండి, వాటిని ఫిడ్యూషియల్ మార్కులంటారు. ఫిల్ము సాగినా, స్కానర్ అటూఇటూ లాగినా వాటిని బట్టే సరిచేయగలం. ఆఫీసు స్కానర్ కొద్దిగా వంకర పెడుతుంది, ఫోటోగ్రామెట్రిక్ స్కానర్ దొరికితే మేలు. జీసీపీలకి ఈరోజుకీ మారనివి వెతకండి: పాత వంతెన మూల, బండరాయి, పాత కట్టడం. చెట్లు, గట్లు వద్దు.

నీళ్లబిందె:
కెమెరా కాలిబ్రేషన్ సర్టిఫికెట్ (లెన్స్ అసలు కొలతలు రాసిన కాగితం) లేదు. ఫోకల్ లెంగ్త్ ఎలా?

తేలేచుక్క:
ప్రింటు అంచున చిన్న అక్షరాల్లో రాసి ఉండొచ్చు, భూతద్దం పెట్టి చూడండి. ఆ కాలపు 23 సెం.మీ. ఫోటోలకి 152 మి.మీ. చుట్టుపక్కల లెన్సులు బాగా వాడేవారు. అది మొదటి అంచనాగా ఇచ్చి, మిగతాది సాఫ్ట్‌వేర్‌ని సర్దుకోమనండి. జీసీపీలు మాత్రం ఎక్కువ పెట్టండి, మూలల్లోనే కాదు.

నీళ్లబిందె:
రెండు ప్రింట్లకి అంచులు ఎవరో కత్తిరించేశారు. అందంగా కనపడాలనేమో.

గొలుసుకొలత:
ఆ కత్తెర పట్టినవాళ్లని...

తేలేచుక్క:
ఆ రెండిటిని మామూలు కెమెరా ఫోటోల్లా విడి గ్రూపుగా వేయండి, మిగతావాటితో కలిపి కాలిబ్రేట్ చేయకండి. ప్రింటు వెనక రోల్ నంబర్ గానీ ఉంటే, ఫోటోలు తీయించిన సంస్థ దగ్గర అసలు నెగటివ్ ఉందేమో అడిగి చూడండి.